తన్యత పరీక్ష గీత నుంచి పదార్థ పరామితులను రాబట్టడం ఎలా?

“తన్యత పరీక్షలో కొలిచిన బలం–పొడుగుదల గీతకూ, ఫైనైట్ ఎలిమెంట్ సిమ్యులేషన్ ఇచ్చిన గీతకూ మధ్య వెంట్రుకవాసి తేడా కూడా లేదు. అయినా అవే పరామితులతో వేరొక భాగాన్ని విశ్లేషిస్తే ఫలితం ప్రయోగానికి దూరంగా పోతోంది. పొరపాటు ఎక్కడ జరిగింది?” ఈ ప్రశ్న రకరకాల మాటల్లో నా దగ్గరకు వస్తూనే ఉంటుంది. తన్యత పరీక్ష అంటే నమూనాను రెండు చివరలా పట్టి లాగడం; ఫైనైట్ ఎలిమెంట్ అంటే భాగాన్ని ఎలిమెంట్లు అనే చిన్న ముక్కలుగా విభజించి లెక్కించే పద్ధతి; పరామితులు అంటే పదార్థపు నియమంలో ఉండే అంకెలు. చాలాసార్లు పొరపాటు ఆప్టిమైజర్‌లో (రెండు గీతలూ కలిసేలా పరామితులను సవరించే ప్రోగ్రామ్‌లో) ఉండదు. ఆ పరీక్షలో లేని సమాచారాన్ని ఆ పరీక్ష నుంచే అడగడంలో ఉంటుంది. గీతలు కలవడం వేరు, పరామితులు దొరకడం వేరు. అందువల్ల ఈ వ్యాసంలో ఆప్టిమైజర్‌ను నడిపే పని కన్నా, నడపడానికి ముందూ తరువాతా చేయవలసిన తనిఖీలకే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఉదాహరణగా పలుచని లోహపు రేకును, వాన్ మిజెస్ ప్లాస్టిసిటీని (శాశ్వత సాగుదల అన్ని దిశలలో ఒకే విధంగా మొదలవుతుందనే నియమాన్ని), అన్ని దిశలలో ఒకే విధంగా గట్టిపడే హార్డెనింగ్ నియమాన్ని (సాగే కొద్దీ లోహం ఎంత గట్టిపడుతుందో చెప్పే సూత్రాన్ని) తీసుకుంటున్నాను. రబ్బరుకైనా పాలిమర్‌కైనా నియమాలు మారతాయి కానీ పని సాగే వరుస మారదు.

కావలసినవి

- ఒకే రేకు నుంచి ఒకే దిశలో కోసిన కనీసం మూడు నమూనాల పరీక్ష ఫలితాలు. ప్రతి నమూనా మందం, వెడల్పు విడివిడిగా కొలిచి ఉండాలి.
- ఎక్స్‌టెన్సోమీటర్ (నమూనాకు నేరుగా తగిలించి పొడుగుదలను కొలిచే పరికరం) లేదా కెమెరా ఆధారిత డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్ ద్వారా కొలిచిన పొడుగుదల.
- పెద్ద వికృతులను (పొడవుతో పోల్చిన సాగుదలలను) లెక్కించగల ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్. అబాకస్, కోడ్ ఆస్టర్, క్యాల్క్యులిక్స్ వంటి వాటిలో ఏదైనా సరిపోతుంది, కానీ దానిని స్క్రిప్ట్ ద్వారా నడపగలగాలి.
- పైథాన్, అందులో సైపై లైబ్రరీ; లేదా కనిష్ఠ వర్గాల పద్ధతి ఉన్న మరే సాధనమైనా.
- నిర్ధారణ కోసం పక్కన పెట్టిన, వేరే ఆకృతి గల మరొక పరీక్ష. గాడి చెక్కిన నమూనా అయితే మరీ మంచిది. దీనిని చివరి వరకు తాకవద్దు.

1. దత్తాంశాన్ని ముందుగా అనుమానించండి

యంత్రపు క్రాస్‌హెడ్ (నమూనాను లాగే దూలం) కదలికను నమూనా పొడుగుదలగా తీసుకోవడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు. ఆ కదలికలో నమూనాతో పాటు గ్రిప్పులు, లోడ్ సెల్, యంత్రపు చట్రం సాగినదంతా కలిసి ఉంటుంది. తనిఖీ చాలా సులభం: గీత మొదట్లో ఉండే సరళభాగం వాలు నుంచి యంగ్ గుణకాన్ని లెక్కించండి. ఉక్కుకు సుమారు 210 గిగాపాస్కల్, అల్యూమినియానికి సుమారు 70 గిగాపాస్కల్ రావాలి. ఉక్కుకు 40 వచ్చిందంటే మీరు కొలిచింది యంత్రాన్నే. అటువంటి గీతను ఆప్టిమైజర్‌కు ఇస్తే, అది తన వంతు బాధ్యతగా ఆ యంత్రపు సాగుదలను కూడా పదార్థపు లక్షణంగా మార్చి మీ చేతికి అందిస్తుంది.

తరువాత మందాన్ని చూడండి. 1 మిల్లీమీటర్ రేకులో 10 మైక్రోమీటర్ల తప్పు అంటే 1 శాతం; ఆ 1 శాతం నేరుగా ప్రతిబలంలోకి (ప్రమాణ వైశాల్యం మీద పడే బలంలోకి), అక్కడి నుంచి పరామితులలోకి చేరుతుంది. రేకు మీద రాసి ఉన్న నామమాత్రపు మందాన్ని వాడవద్దు.

గరిష్ఠ బలం దాటాక నమూనా ఒకచోట సన్నబడి మెడలా మారుతుంది. దీనినే నెకింగ్ అంటారు. ఆ మెడ ఎక్స్‌టెన్సోమీటర్ కాళ్ల మధ్య ఏర్పడకపోతే, గరిష్ఠ బలం తరువాతి దత్తాంశాన్ని వదిలివేయాలి. మృదువైన ఉక్కులలో ఈల్డ్ (శాశ్వత సాగుదల మొదలయ్యే బిందువు) వద్ద గీత కొంతదూరం సమతలంగా సాగుతుంది. మీరు ఎంచుకున్న హార్డెనింగ్ నియమం ఆ సమతల భాగాన్ని చూపలేనిదైతే, ఆ భాగాన్ని కూడా పోలిక నుంచి తప్పించండి. లేకపోతే అక్కడ కుదరని తేడాను ఆప్టిమైజర్ మిగిలిన గీతంతటా పంచిపెడుతుంది.

2. తొలి అంచనాను చేత్తో లెక్కించండి

నెకింగ్ మొదలయ్యేంతవరకు వికృతి ఏకరీతిగా ఉంటుంది కనుక ఫైనైట్ ఎలిమెంట్ అవసరమే లేదు. ఇంజనీరింగ్ వికృతికి (తొలి పొడవుతో లెక్కించిన దానికి) 1 కలిపి సహజ సంవర్గమానం తీసుకుంటే నిజ వికృతి వస్తుంది. ఇంజనీరింగ్ ప్రతిబలాన్ని (తొలి వైశాల్యంతో లెక్కించిన దానిని) అదే మొత్తంతో గుణిస్తే నిజ ప్రతిబలం వస్తుంది. నెకింగ్ తరువాత ఈ రెండు సూత్రాలూ చెల్లవు. అయినా గీత చివరి వరకు వీటినే వాడి, ఆ పట్టికను సాఫ్ట్‌వేర్‌లో పెట్టేవారు తక్కువేమీ కాదు.

స్విఫ్ట్ అనే హార్డెనింగ్ నియమాన్ని తీసుకుంటే ప్రవాహ ప్రతిబలం (శాశ్వత సాగుదల కొనసాగడానికి కావలసిన ప్రతిబలం) ఇలా ఉంటుంది: ప్లాస్టిక్ వికృతికి ఒక చిన్న ప్రారంభ వికృతిని కలిపి, ఆ మొత్తాన్ని ‘ఎన్’ ఘాతానికి హెచ్చించి, ‘కె’తో గుణించాలి. నిజ ప్రతిబలపు వాలు నిజ ప్రతిబలానికి సమానమైన చోట నెకింగ్ మొదలవుతుందని కన్సిడేర్ నియమం చెబుతుంది. దీని ప్రకారం, స్థితిస్థాపక వికృతిని పక్కన పెడితే, స్విఫ్ట్ నియమానికి నెకింగ్ వికృతి ‘ఎన్’ నుంచి ప్రారంభ వికృతిని తీసివేసినంత ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ‘కె’ 800 మెగాపాస్కల్, ‘ఎన్’ 0.2, ప్రారంభ వికృతి 0.004 అనుకుంటే, తొలి ఈల్డ్ ప్రతిబలం సుమారు 265 మెగాపాస్కల్, నెకింగ్ నిజ వికృతి 0.196, అక్కడి నిజ ప్రతిబలం సుమారు 580 మెగాపాస్కల్ అవుతాయి. ఇంజనీరింగ్ లెక్కలో అదే గరిష్ఠ ప్రతిబలం సుమారు 477 మెగాపాస్కల్, పొడుగుదల సుమారు 21.6 శాతం. మీ సిమ్యులేషన్ ఈ గరిష్ఠాన్ని దాదాపు ఇదే చోట చూపకపోతే, ఆప్టిమైజర్ దాకా వెళ్లకుండా అక్కడే ఆగి మోడల్‌ను సరిచూసుకోండి.

3. హార్డెనింగ్ నియమాన్ని ఎంచుకోండి

ఇక్కడ తొందరపడవద్దు. నియమాన్ని ఎంచుకోవడం కూడా ఒక పరామితిని ఎంచుకోవడమే, పైగా అది ఆప్టిమైజర్ మార్చలేని పరామితి. స్విఫ్ట్ నియమంలో ప్రతిబలం వికృతితో పాటు ఆగకుండా పెరుగుతుంది. వోస్ నియమంలో అది ఒక గరిష్ఠ విలువ వైపు చేరి అక్కడ నిలిచిపోతుంది.

పై ఉదాహరణకే ఒక వోస్ గీతను లెక్కించి చూశాను. తొలి ఈల్డ్ అదే 265. నెకింగ్ బిందువు వద్ద ప్రతిబలం అదే 580, వాలు కూడా అంతే. ఈ మూడు షరతులు వోస్ నియమంలోని మూడు పరామితులనూ నిర్ణయిస్తాయి: ఘాతాంక గుణకం సుమారు 9.1, పెరుగుదల సుమారు 379 మెగాపాస్కల్, అంటే గరిష్ఠ విలువ సుమారు 644. ఇప్పుడు నెకింగ్ దాటి 0.6 వికృతి దగ్గర చూస్తే స్విఫ్ట్ సుమారు 723 చెబుతుంది, వోస్ సుమారు 642 చెబుతుంది. గరిష్ఠ బలం విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చిన రెండు నియమాలు, మెడ లోపల 80 మెగాపాస్కల్ తేడాతో విడిపోయాయి. నెకింగ్‌కు ముందు 0.05 వికృతి వద్ద కూడా వీటి మధ్య సుమారు 40 మెగాపాస్కల్ ఎడం ఉంటుంది కాబట్టి అక్కడ జాగ్రత్తగా చూస్తే ఏది సరైనదో కొంతవరకు తెలుస్తుంది. కానీ వోస్ నియమానికి మరొక ఘాతాంక పదాన్ని చేర్చితే ఆ ఎడం చాలావరకు పూడిపోతుంది, నెకింగ్ తరువాతి అనిశ్చితి మాత్రం అలాగే మిగులుతుంది.

కాబట్టి మీ అసలు అవసరం 0.15 వికృతి లోపలే ఉంటే, ఆ పరిధిలో కొలిచిన గీతతో కలిసే ఏ నియమమైనా ఫరవాలేదు. లోతుగా సాగదీసే భాగాలు, పగుళ్ల అంచనా వంటి పనులకైతే స్విఫ్ట్, వోస్ రెండింటినీ ఒక భారంతో (ఒక్కోదాని వాటాను చెప్పే సంఖ్యతో) కలిపిన మిశ్రమ నియమాన్ని వాడి, ఆ భారాన్ని నెకింగ్ తరువాతి దత్తాంశం నుంచి రాబట్టండి. విలోమ పద్ధతి (సిమ్యులేషన్ గీతను ప్రయోగ గీతతో కలిపి పరామితులను రాబట్టడం) నిజంగా అవసరమయ్యేది ఈ ఒక్క భారం కోసమే అని నా అభిప్రాయం. మిగిలినవన్నీ చేత్తో లెక్కించిన అంచనాకు దగ్గరలోనే ఉంటాయి.

4. ముందుకు సాగే మోడల్‌ను స్థిరపరచండి

పరామితులు ఇస్తే బలం–పొడుగుదల గీతను తిరిగి ఇచ్చే సిమ్యులేషన్‌ను ఇక్కడ ‘ముందుకు సాగే మోడల్’ అంటున్నాను. సమరూపతను ఉపయోగించుకుని నమూనాలో ఎనిమిదో వంతును మాత్రమే తీసుకోవచ్చు. పొడుగుదలను ప్రయోగంలో ఎక్స్‌టెన్సోమీటర్ కాళ్లు ఉన్న బిందువుల దగ్గరే చదవండి. మోడల్ చివర దగ్గర కాదు.

ప్లాస్టిక్ ప్రవాహంలో ఘనపరిమాణం మారదు. అందువల్ల పూర్తి ఇంటిగ్రేషన్ ఉన్న సాధారణ సరళ ఎలిమెంట్లు అసహజంగా బిగుసుకుపోయి బలాన్ని ఎక్కువగా చూపుతాయి. తగ్గించిన ఇంటిగ్రేషన్ (ఎలిమెంట్ లోపల తక్కువ బిందువుల వద్ద లెక్కించేవి) లేదా బి-బార్ (ఘనపరిమాణ మార్పును సగటుగా తీసుకునేవి) ఎలిమెంట్లను వాడండి. తగ్గించిన ఇంటిగ్రేషన్ వాడితే ఎలిమెంట్లు జిగ్‌జాగ్‌గా వంకర తిరుగుతున్నాయేమో చిత్రంలో కూడా చూసుకోండి.

మెష్‌ను (ఎలిమెంట్ల వలను) మెడ ప్రాంతంలో సగం పరిమాణానికి తగ్గించి మళ్లీ నడపండి. గరిష్ఠ బలం దాటిన తరువాతి భాగంలో వచ్చే మార్పు, మూడు నమూనాల మధ్య మీరు చూసిన తేడా కన్నా స్పష్టంగా తక్కువగా ఉంటే ఆ మెష్ చాలు. అలా కాకపోతే, మీరు రాబట్టబోయే పరామితులు పదార్థానివి కావు, ఆ మెష్‌వి. మోడల్‌లో డ్యామేజ్ ద్వారా మెత్తబడటం కూడా ఉంటే, ఎంత సన్నని మెష్ పెట్టినా ఫలితం నిలకడకు రాదు. నాన్‌లోకల్ సూత్రీకరణ (ఒక బిందువు వద్ద మెత్తబడటాన్ని చుట్టుపక్కల సగటుతో లెక్కించడం) వంటి ఉపాయం లేకుండా అటువంటి పరామితులను రాబట్టే ప్రయత్నమే చేయవద్దు.

మెడ మధ్యలోనే ఏర్పడటానికి వెడల్పును మధ్యభాగంలో 0.1 నుంచి 0.5 శాతం వరకు తగ్గించడం వాడుకలో ఉన్న పద్ధతి. ఎంత తగ్గించారో రాసిపెట్టుకోండి, ఆ విలువను రెట్టింపు చేసి గీత ఎంత కదులుతుందో చూడండి.

చివరిగా, చిన్నదిగా కనిపించే కానీ తరువాత చాలా ఏడిపించే విషయం: సాఫ్ట్‌వేర్ ఆటోమేటిక్‌గా ఎంచుకునే కాల సోపానాలు పరామితి కొద్దిగా మారగానే మారిపోతాయి, వాటితో పాటు గీత కూడా చిన్న చిన్న గంతులు వేస్తుంది. ఫలితాలను ఎప్పుడూ ఒకే పొడుగుదలల వద్ద రాయించండి, గరిష్ఠ సోపానాన్ని కట్టడి చేయండి.

5. లక్ష్య ప్రమేయాన్ని నిర్మించండి

ప్రయోగ గీతను, సిమ్యులేషన్ గీతను ఒకే పొడుగుదల బిందువుల మీదకు తెచ్చి, బలాల తేడాను కొలత అనిశ్చితితో భాగించండి. ఆ భాగఫలాల వర్గాల మొత్తమే మీరు కనిష్ఠం చేయవలసినది. బలంతో పాటు మెడ వెడల్పును కూడా కొలిచి ఉంటే, దాని తేడాను దాని సొంత అనిశ్చితితోనే భాగించండి. కిలోన్యూటన్లను, మిల్లీమీటర్లను యథాతథంగా కూడితే ఏ యూనిట్‌లో అంకెలు పెద్దవో ఆ కొలతే గెలుస్తుంది.

యంత్రం సమాన కాలవ్యవధులలో రాసిన బిందువులనే అలాగే వాడితే, నెమ్మదిగా సాగిన భాగంలో వందల బిందువులు, వేగంగా మారిన భాగంలో పది బిందువులు పడతాయి. గీతను 50 నుంచి 100 సమదూర బిందువులకు కుదించండి. తెగిపోయే ముందు గీత నిటారుగా కిందికి పడే చోట ఒకే పొడుగుదల వద్ద బలాలను పోల్చడం తప్పుదారి పట్టిస్తుంది: పొడుగుదలలో అతి చిన్న తేడా బలంలో కొండంతగా కనిపిస్తుంది. ఆ చివరి భాగాన్ని తీసివేయవచ్చు, లేదా రెండు గీతల మధ్య లంబదూరాన్ని కొలవవచ్చు.

6. ఆప్టిమైజర్ కన్నా ముందు సున్నితత్వాన్ని చూడండి

ఈ మెట్టును చాలామంది దాటవేస్తారు. నేను మాత్రం దీనిని పూర్తిచేయనిదే ముందుకు వెళ్లవద్దని గట్టిగా చెబుతాను.

ప్రతి పరామితిని తొలి అంచనా చుట్టూ 1 శాతం పెంచి, 1 శాతం తగ్గించి సిమ్యులేషన్ నడపండి. రెండు గీతల తేడాను పరామితిలోని మార్పుతో భాగిస్తే, ఆ పరామితికి సంబంధించిన సున్నితత్వ గీత వస్తుంది. మూడు పరామితులకు ఆరు సిమ్యులేషన్లు చాలు. ఈ మూడు గీతలను ఒకే చిత్రంలో వేయండి.

ఒక గీత అంతటా సున్నాకు దగ్గరగా ఉంటే, ఆ పరామితి గురించి ఈ పరీక్షకు ఏమీ తెలియదు. దానిని స్థిరపరచి పక్కన పెట్టండి. రెండు గీతలు ఒకే ఆకారంలో ఉండి పరిమాణంలో మాత్రమే తేడాగా ఉంటే, ఆ రెండు పరామితులను ఈ పరీక్ష విడదీయలేదు. ఒకటి పెరిగిన లోటును మరొకటి తగ్గి పూడుస్తుంది.

దీని తీవ్రతను అంకెలలో చూపితే నమ్మకం కలుగుతుంది. మన ఉదాహరణలో ప్లాస్టిక్ వికృతి 0.02 నుంచి 0.05 వరకు మాత్రమే దత్తాంశం ఉందనుకోండి. ‘ఎన్’ను 0.20 నుంచి 0.21కి, ‘కె’ను 800 నుంచి 827కి మార్చండి. ఒకటి 5 శాతం, మరొకటి సుమారు 3.4 శాతం మారాయి. కానీ ఆ పరిధిలో ప్రతిబలం ఎక్కడా అర శాతం కూడా కదలదు, అంటే సుమారు 2 మెగాపాస్కల్. మందం కొలతలో 5 మైక్రోమీటర్ల పొరపాటు కన్నా అది చిన్నది. అటువంటి దత్తాంశంతో ‘ఎన్’ 0.2037 అని నాలుగు దశాంశాల వరకు నివేదికలో రాయడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

లెక్కలో దీనిని ఇలా పట్టుకోవచ్చు. సున్నితత్వ గీతలను నిలువు వరుసలుగా పేర్చితే జాకోబియన్ మాత్రిక వస్తుంది. దాని ట్రాన్స్‌పోజ్‌ను దానితోనే గుణించి, వచ్చిన మాత్రికకు విలోమం కట్టండి. ఆ విలోమంలోని ప్రతి మూలకాన్ని, దానికి సంబంధించిన రెండు వికర్ణ మూలకాల లబ్ధపు వర్గమూలంతో భాగిస్తే పరామితుల మధ్య సహసంబంధ గుణకాలు దొరుకుతాయి. 0.95 దాటితే జాగ్రత్తపడండి, 0.99 దాటితే ఆ రెండింటినీ కలిపి రాబట్టే ఆలోచన మానుకోండి.

ప్రత్యామ్నాయాలు మూడు ఉన్నాయి. మొదటిది, ఒక పరామితిని వేరే ఆధారం నుంచి తీసుకుని స్థిరపరచడం. రెండవది, వేరే రకమైన కొలతను చేర్చడం. డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్ ఇచ్చే వికృతి క్షేత్రం, ముఖ్యంగా మెడ ప్రాంతంలోనిది, నెకింగ్ తరువాతి హార్డెనింగ్‌ను బలం కన్నా బాగా పట్టిస్తుంది. మూడవది నాకు ఇష్టమైనది: పరామితులనే మార్చివేయడం. ‘కె’, ‘ఎన్’ అనే జంటకు బదులు 0.02 వికృతి వద్ద ప్రతిబలం, 0.2 వికృతి వద్ద ప్రతిబలం అనే జంటను తెలియని విలువలుగా పెట్టుకుని, వాటి నుంచి ‘కె’, ‘ఎన్’లను స్క్రిప్ట్‌లో లెక్కించుకోండి. నియమం అదే, కానీ రెండు తెలియని విలువలూ గీతలో వేర్వేరు చోట్ల ప్రభావం చూపుతాయి కనుక ఆప్టిమైజర్ సన్నని లోయలో అటూ ఇటూ కొట్టుకోకుండా సాఫీగా దిగుతుంది. పైగా మెగాపాస్కల్‌లో ఉన్న ఆ రెండు అంకెలను చూసి అవి సబబుగా ఉన్నాయో లేదో మీరే చెప్పగలరు. దత్తాంశంలో లేని సమాచారాన్ని ఈ మార్పు పుట్టించదన్నది మాత్రం మరచిపోవద్దు.

7. జవాబు తెలిసిన సమస్యతో పరీక్షించండి

మీకు తెలిసిన పరామితులతో ఒక సిమ్యులేషన్ నడిపి, వచ్చిన గీతకు ప్రయోగంలో ఉన్నంత నాయిస్ కలిపి, దానినే ప్రయోగంగా భావించి, వేరొక ప్రారంభ బిందువు నుంచి పరామితులను రాబట్టండి. అవి తిరిగి రాకపోతే మీ స్క్రిప్ట్‌లోనో, సమస్య స్వభావంలోనో లోపం ఉంది. అసలు దత్తాంశంతో అది మరుగున పడిపోయేది.

ఒక హెచ్చరిక. కృత్రిమ దత్తాంశాన్ని తయారుచేయడానికీ, దాని నుంచి పరామితులను రాబట్టడానికీ ఒకే మెష్‌ను వాడితే ఫలితం ఎప్పుడూ అద్భుతంగానే వస్తుంది, ఎందుకంటే మోడల్ లోపాలు రెండు వైపులా సమానంగా ఉండి రద్దవుతాయి. కృత్రిమ దత్తాంశాన్ని తప్పనిసరిగా మరింత సన్నని మెష్‌తో తయారుచేయండి.

8. ఆప్టిమైజర్‌ను నడపండి

మూడు నుంచి ఆరు పరామితులు ఉన్న ఇటువంటి సమస్యకు లెవెన్‌బర్గ్ 1944లో, మార్క్వార్ట్ 1963లో ప్రతిపాదించిన పద్ధతి, లేదా దాని ఆధునిక రూపాలు నేటికీ మొదటి ఎంపిక. సైపైలోని ‘లీస్ట్ స్క్వేర్స్’ ఫంక్షన్‌లో ‘ఎల్ఎమ్’ పద్ధతి పరామితులకు హద్దులను అంగీకరించదు. హద్దులు కావాలంటే ‘టీఆర్ఎఫ్’ పద్ధతిని ఎంచుకోండి. గీతలో గంతులు ఎంతకీ తగ్గకపోతే, అవకలజాలు అక్కరలేని నెల్డర్–మీడ్ పద్ధతిని (1965) వాడవచ్చు, కానీ దానికి సిమ్యులేషన్లు చాలా ఎక్కువ పడతాయి.

ఇక్కడ జరిగే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: అవకలజపు అడుగు పరిమాణాన్ని అప్రమేయ విలువకే వదిలివేయడం. సైపై తనంతట తానుగా తీసుకునే సాపేక్ష అడుగు సుమారు 6.7 కోట్లలో ఒక వంతు. పదహారు అంకెల కచ్చితత్వంతో లెక్కించే సూత్రాలకు అది సరైనదే. మీ సిమ్యులేషన్ బలాన్ని లక్షలో ఒక వంతు కచ్చితత్వంతో మాత్రమే లెక్కిస్తుంటే, అంత చిన్న అడుగుకు వచ్చే మార్పు అంతా సాల్వర్ నాయిసే. ఒక వైపు తేడాకు సబబైన అడుగు ఆ నాయిస్ వర్గమూలానికి దగ్గరగా, అంటే సుమారు 0.3 శాతం, రెండు వైపుల తేడాకు ఘనమూలానికి దగ్గరగా, అంటే సుమారు 2 శాతం. “ఆప్టిమైజర్ మొదటి మెట్టులోనే ఆగిపోయింది, బహుశా నా తొలి అంచనాయే ఉత్తమం” అని రాసేవారికి నేను ముందుగా అడిగేది ఈ అడుగు గురించే.

పరామితులను వాటి తొలి విలువలతో భాగించి అన్నీ 1 పరిమాణంలో ఉండేలా చూడండి. 800, 0.004 అనే అంకెలను పక్కపక్కన పెట్టి ఆప్టిమైజర్‌కు ఇవ్వడం న్యాయం కాదు. అవకలజాలకు కావలసిన సిమ్యులేషన్లు ఒకదానిపై మరొకటి ఆధారపడవు కనుక వాటిని సమాంతరంగా నడపండి.

ఏదైనా పరామితి జతకు సిమ్యులేషన్ మధ్యలో ఆగిపోతే ఏం చేయాలి? తేడాగా ఒక పెద్ద అంకెను, ఉదాహరణకు పది లక్షలను, తిరిగి ఇవ్వడం అలవాటుగా మారింది. అవకలజాల ఆధారిత పద్ధతులకు అది విషం; ఆ ఒక్క అంకె జాకోబియన్ మొత్తాన్ని పాడుచేస్తుంది. హద్దులను బిగించండి, లేదా అడుగును సగానికి తగ్గించి మళ్లీ ప్రయత్నించేలా స్క్రిప్ట్ రాయండి.

ఒకే ప్రారంభ బిందువుతో ఆగవద్దు. పరిధి అంతటా చెదరగొట్టిన ఐదు నుంచి పది బిందువుల నుంచి నడపండి. అన్నీ ఒకే చోటుకు చేరితే సంతోషం. లక్ష్య ప్రమేయపు విలువ ఒకటే అయి పరామితులు వేర్వేరుగా ఉంటే, 6వ మెట్టుకు తిరిగి వెళ్లండి.

9. ఫలితాన్ని తనిఖీ చేయండి

మొదట శేషాలను, అంటే బిందువు బిందువుకూ మిగిలిన తేడాలను, పొడుగుదలకు ఎదురుగా చిత్రించండి. అవి సున్నాకు రెండు వైపులా క్రమం లేకుండా చెదిరి ఉండాలి. అలలా పైకి లేచి కిందికి దిగుతుంటే హార్డెనింగ్ నియమానికి సరైన ఆకారం లేదని అర్థం; పరామితులను ఎంత సవరించినా ఆ అల పోదు.

తరువాత అనిశ్చితిని లెక్కించండి. శేషాల వర్గాల మొత్తాన్ని, బిందువుల సంఖ్య నుంచి పరామితుల సంఖ్యను తీసివేసిన దానితో భాగించి, 6వ మెట్టులోని విలోమ మాత్రికతో గుణించండి. వికర్ణ మూలకాల వర్గమూలాలు పరామితుల ప్రామాణిక విచలనాలు. ఈ లెక్క ప్రతి బిందువూ స్వతంత్రమైన కొలత అనుకుంటుంది. నిజానికి పక్కపక్క బిందువులు ఒకే తప్పును పంచుకుంటాయి కనుక ఇది ఎప్పుడూ వాస్తవం కన్నా ఆశాజనకంగానే ఉంటుంది. అందుకే మూడు నమూనాలకు విడివిడిగా పరామితులను రాబట్టి, వాటి మధ్య చెదురుదలను కూడా చూడండి. రెండింటిలో పెద్దదానినే నివేదికలో రాయండి. మూడు గీతలను ముందే సగటు చేసి ఒకే గీతగా మార్చితే ఈ సమాచారం పోతుంది; పైగా నమూనాలు వేర్వేరు చోట్ల తెగినందున సగటు గీత చివరిభాగం ఏ నమూనాకూ చెందని ఆకారంలో తయారవుతుంది.

చివరగా, పక్కన పెట్టిన గాడి నమూనాను బయటికి తీయండి. ఒక్క పరామితిని కూడా కదపకుండా దాని బలం–పొడుగుదల గీతను అంచనా వేసి ప్రయోగంతో పోల్చండి. తేడా వస్తే దాని స్వభావాన్ని చదవండి. గీత మొదటి నుంచీ ఒకే నిష్పత్తిలో తేడాగా ఉంటే మందం కొలతను అనుమానించండి. పెద్ద వికృతుల వద్ద మాత్రమే విడిపోతుంటే నెకింగ్ తరువాతి హార్డెనింగ్‌ను అనుమానించండి. నమూనాను కోసిన దిశతో పాటు తేడా మారుతుంటే, రోలింగ్ చేసిన రేకు అన్ని దిశలలో ఒకేలా లేదని, వాన్ మిజెస్ సరిపోదని అర్థం. అప్పుడు హిల్ 1948లో ఇచ్చిన నియమం వంటిది కావాలి, దానికి రోలింగ్ దిశకు 0, 45, 90 డిగ్రీల వద్ద కోసిన నమూనాలూ కావాలి. ఏ తేడా వచ్చినా, గాడి నమూనా దత్తాంశాన్ని వెంటనే లక్ష్య ప్రమేయంలో కలిపి మళ్లీ నడపాలన్న కోరికను కాసేపు ఆపుకోండి. కలిపిన మరుక్షణం మీకు నిర్ధారణ పరీక్ష ఉండదు.

10. ఆ పరామితులతో ఆకార ఆప్టిమైజేషన్ చేయబోతున్నారా?

చట్రం అదే: సిమ్యులేషన్, లక్ష్య ప్రమేయం, అవకలజాలు, ఆప్టిమైజర్. తెలియనివి మాత్రం మారతాయి. పదార్థ పరామితుల స్థానంలో భాగపు ఆకారం వస్తుంది. మూడు విషయాలు మాత్రం చెప్పాలి.

సరిహద్దు మీది నోడ్‌లను (ఎలిమెంట్ల మూల బిందువులను) ఒక్కొక్కటిగా చలరాశులుగా తీసుకోవద్దు. ఆ దారిలో సరిహద్దు రంపపు పళ్లలా తయారవుతుంది, మెష్ పాడవుతుంది, పాడైన మెష్ చూపే తప్పుడు ప్రతిబలాన్నే ఆప్టిమైజర్ మెరుగుదలగా భావిస్తుంది. ఐదారు నియంత్రణ బిందువులున్న స్ప్లైన్‌తో (సాఫీ వక్రంతో) సరిహద్దును వర్ణించి, లోపలి నోడ్‌లు దానితో పాటు సాఫీగా కదిలేలా చేయండి. పని పూర్తయ్యాక చివరి ఆకారానికి పూర్తిగా కొత్త మెష్ వేసి మళ్లీ విశ్లేషించండి. మెరుగుదల అప్పుడూ నిలిస్తేనే అది నిజమైనది.

గరిష్ఠ ప్రతిబలాన్ని నేరుగా కనిష్ఠం చేయబోతే, గరిష్ఠం ఉన్న చోటు ఒక ఎలిమెంట్ నుంచి మరొకదానికి దూకినప్పుడల్లా అవకలజం తెగిపోతుంది. దానికి బదులు ప్రతిబలాలను 8 లేదా 10 వంటి ఘాతానికి హెచ్చించి కూడి, అదే మూలం తీసిన విలువను వాడండి.

అవకలజాలను ఎక్కడి నుంచి తెచ్చుకున్నా టేలర్ పరీక్ష చేయండి. ఏదో ఒక దిశలో ఆకారాన్ని కొద్దిగా మార్చి, అవకలజం చెప్పిన మార్పునూ నిజంగా వచ్చిన మార్పునూ పోల్చండి. అడుగును సగం చేసిన ప్రతిసారీ ఆ రెండింటి తేడా దాదాపు నాలుగో వంతుకు తగ్గాలి. సగానికే తగ్గుతుంటే అవకలజం తప్పు.

ఆ తరువాత, మీ చివరి ఆకారంలో గరిష్ఠ ప్లాస్టిక్ వికృతి ఎంతో చూడండి. అది మీ పరీక్ష దత్తాంశం చేరిన వికృతిని దాటి ఉంటే, ఆ ఆకారాన్ని నిర్ణయించినది మీరు కొలిచిన గీత కాదు, 3వ మెట్టులో ఎంచుకున్న నియమపు పొడిగింపు. అదే ఆకారాన్ని ఒకసారి స్విఫ్ట్‌తో, ఒకసారి వోస్‌తో నడపండి. రెండింటిలోనూ అది పాత ఆకారం కన్నా మెరుగ్గా ఉంటే తీసుకోండి. ఒకదానిలోనే మెరుగ్గా ఉంటే, ఆకారాన్ని పక్కన పెట్టి మెడ ప్రాంతపు వికృతిని కొలిచే పరీక్షకు నమూనాలు సిద్ధం చేసుకోండి.